చిన్నమ్మ గొంతున్న మైనపు గొట్టం

నిజాం రోజుల్లో, నారాయణఖేడ్ మిషను బంగ్లా ఖాళీ అయిన ఏడాది, నేను ఒక పాత ఫోనోగ్రాఫు కొన్నాను. తరువాత అందరూ చూసిన, గుండ్రటి రికార్డులు తిప్పే గ్రామఫోను కాదది. అంతకు ముందు తరం యంత్రం. గ్లాసంత మైనపు గొట్టాన్ని ఇరుసుకు తొడిగి, తాళం తిప్పి వదిలితే, సూది దాని మీది సన్నటి గీతల వెంట నడిచి పాట పలికిస్తుంది. సూది మారిస్తే మన గొంతునూ గీసి పెట్టుకుంటుంది. పాదిరి దొర సీమకు పోతూ వదిలేసిన సామానుతో పాటు అది బంగ్లా వంటవాడి పాలబడింది. నేను చూసేనాటికి ఆ పెట్టె మీద ఉల్లిగడ్డలు ఆరబోసి ఉన్నాయి. దాని ఇత్తడి బూరతో లాంతర్లలో గ్యాసునూనె పోస్తున్నారు.

నేను బజారులో దర్జీని. చెడిపోయిన కుట్టుమిషన్లు కూడా బాగుచేసేవాణ్ణి. యంత్రం కనబడితే విప్పి చూడాలనే దురద తప్ప దాన్ని కొనడానికి నాకు వేరే కారణం లేదు. వంటవాడు బేరమాడలేదు.

"తీస్కపో. ఇల్లు ఇరుకైతుంది," అన్నాడు.

బండి మీద ఇంటికి తెచ్చేసరికి అమ్మ గడప మీద కూర్చుని ఉంది. పెట్టెను చూడగానే లేచి అడ్డంగా నిలబడింది.

"దాన్ని లోపలికి తేకు."

"ఏమైందవ్వా?"

"తేకన్న. గా పెట్టె నా చెల్లెను మింగింది."

అమ్మ వయసులో ఉన్నప్పుడు బంగ్లాలో ఊడ్చి తుడిచే పని చేసింది. ఆమెకు ఒక్కతే చెల్లెలు. నేను పుట్టకముందే ఆ చిన్నమ్మ ప్లేగులో పోయిందని మాత్రమే నాకు తెలుసు. మిగతాది ఆ రోజే విన్నాను. ఊరి జనం పాటలు ఆ యంత్రంలో పట్టి పెట్టుకోవడం దొరకు సరదా. జొన్నలు విసురుతూ తన చెల్లెలు బాగా పాడుతుందని అమ్మే దొరకు చెప్పింది. తానే తీసుకుపోయి బూర ముందు నిలబెట్టింది. ఆ చలికాలమే ప్లేగు వచ్చింది. జనం ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. చిన్నమ్మకు చంకలో గడ్డ లేచింది. ఆమెను విడిగా, దూరంగా ఒక గుడిసెలో పడుకోబెట్టి, అమ్మను దగ్గరికి పోనివ్వలేదు. గట్టు మీద నిలబడి పిలిస్తే మొదటిరోజు పలికింది. తరువాత పలకలేదు. ఎక్కడ పూడ్చారో కూడా అమ్మకు ఎవరూ సరిగా చెప్పలేదు. గొంతు పెట్టెకు ఇచ్చింది కాబట్టే మనిషి దక్కలేదని ఊరు అన్నది. అమ్మ నమ్మింది.

నేను పెట్టెను దుకాణానికి మళ్లించాను. అమ్మతో వాదించే రోజులు కావవి. అప్పటికే ఆమె గొంతులో గడ్డ ఉంది. మాట బొంగురుపోయి, చివరలు గాలిలో కలిసిపోయేవి. బీదరు దవాఖానలో చూసి హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. హైదరాబాదులో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

పగలు కుట్టుపని తక్కువైనప్పుడల్లా యంత్రం ముందు కూర్చునేవాణ్ణి. లోపల ఎలుకలు గూడు పెట్టుకున్నాయి. స్ప్రింగు లోపలి కొన దగ్గర విరిగింది. ఆ కొనను కాల్చి మెత్తబరిచి, కొత్త చిల్లు కొట్టి మళ్లీ కొక్కేనికి తగిలించాను. తోలు పట్టీ ముక్కలైతే కుట్టుమిషను పట్టీని సన్నగా చీల్చి వేశాను. సూది పైన ఉండే పలుచని గాజు బిళ్ల పగిలిపోయింది. బీదరులో గడియారాలు బాగుచేసే ఒకతను అభ్రకం రేకు ఇచ్చాడు. దాన్ని గుండ్రంగా కత్తిరించి అతికించాను. బూరను సున్నపునీళ్లతో ఎన్నిసార్లు కడిగినా గ్యాసునూనె వాసన పోలేదు. గొట్టాల్లో చాలావాటికి తెల్లగా బూజు పట్టింది. కొన్ని పట్టుకుంటేనే చిట్లాయి. రెండు మిగిలాయి. ఒకదానిలో ఇంగ్లీషు బ్యాండు. రెండోదాని మీద ఏమీ రాసి లేదు.

దాన్ని తొడిగి సూది దించాను. చాలాసేపు బరబరమని గీకుడు. తరువాత దూరంనుంచి వచ్చినట్టు ఒక ఆడపిల్ల గొంతు. అత్తింటి దారిలో ఎండ గురించిన విసుర్రాయి పాట. రెండు చరణాలు పాడి మాట మరిచి ఆగింది. అప్పుడు పక్కనుంచి ఇంకో గొంతు, వడిగా, మందలిస్తున్నట్టు, ఆ మాట అందించింది. ఆ రెండో గొంతు నాకు తెలుసు. నన్ను తిట్టి, తిండికి పిలిచి పెంచిన గొంతు. పాడే పిల్ల ఫక్కుమని నవ్వి, మళ్లీ అందుకుంది.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. గోడవైపు తిరిగి పడుకుంది. మరునాడంతా మంచం దిగలేదు. ఆ మరునాడు పొద్దున కొంగు సర్దుకుని నా ముందు నిలబడింది.

"నన్ను దుకాణం కాడికి తోలుకపో."

నా భార్య ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది. స్టూలు మీద కూర్చోబెట్టి యంత్రం తిప్పాను. పాట మొదలయ్యాక అమ్మ కదల్లేదు. నవ్వు దగ్గర మాత్రం నా మోకాలు పట్టుకుంది.

"నవ్వుతుందా అది?"

"నవ్వుతుందవ్వా."

"మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. అది ఆగాక కూడా బూరవైపే చూస్తూ ఉంది.

"భయపడ్డదనుకున్న," అన్నది. "ఏడుస్తుంటే నేనే బలిమికి పాడిపిచ్చిన అనుకున్న ఇన్నేండ్లు. ఏడ్వలేదు గదా?"

"ఏడ్వలేదు అత్తమ్మా," అన్నది నా భార్య. "మస్తు నవ్వింది."

అమ్మే చెప్పి యంత్రాన్ని ఇంటికి తెప్పించుకుంది. తన మంచం పక్కన పెట్టించుకుంది. ఆ రోజునుంచి పొద్దున ఒకసారి, దీపాలప్పుడు ఒకసారి ఆ పాట కావాలి. నొప్పి ఎక్కువైన రోజు ఇంకా ఎక్కువసార్లు. గడియారాల అతను ముందే నాకు చెప్పాడు, ఆ పాతరకం మైనం మెత్తన, సూది నడిచినప్పుడల్లా గీత కొంత చెరిగిపోతుందని. నిజమే. కొన్నాళ్లకు సూది చివర సన్నటి పొడి కనబడసాగింది. ఊదేసేవాణ్ణి.

నా భార్యే మెల్లగా చెప్పి చూసింది.

"రోజు పెడితే అరిగిపోతదంట అత్తమ్మా. జర ఆపి ఆపి ఇందాం."

"నేనరుగుతలేనా బిడ్డా?" అన్నది అమ్మ. "ఎవలకని దాస్తరు? పెట్టుండ్రి."

దాచమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మ మాట అందించిన చోటే ముందు పోయింది. ఆమె బూరకు దూరంగా నిలబడి ఉంటుంది, గీత లోతుగా పడలేదు. తరువాత నవ్వు. చివరికి పాట, వాననీళ్ల అవతలినుంచి ఎవరో పాడుతున్నట్టు మిగిలింది. ఇటు అమ్మకు మాట పూర్తిగా పోయింది. జొన్నగటక దిగేది కాదు. తరువాత గంజి, తరువాత నీళ్లు కూడా. ఆకలి చావలేదు, అదే మేము చూడలేకపోయింది. వంట వాసన వస్తే తల తిప్పి చూసేది. నా భార్య వాడకట్టులో పక్కింటి పొయ్యి మీద వండితే, మేము అక్కడే తిని వచ్చేవాళ్లం.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం చెయ్యి చూపి పాట పెట్టమంది. పెట్టాను. గీకుడు తప్ప ఏమీ లేదు. అమ్మ కళ్లు మూసుకుని, పెదవులు ఆడిస్తూ, మొత్తం విన్నది. నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పాట రాలేదని ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలుసో లేదో అడగనూ లేదు. రెండు రోజులకు పోయింది. ఎత్తినప్పుడు పెద్దగా బరువు లేదు.

యంత్రాన్ని చూస్తే నా భార్యకు అన్నం సయించేది కాదు. గడియారాల అతను అడిగితే ఇచ్చేశాను. బండిలో పెట్టుకుంటూ గొట్టాన్నీ అడిగాడు.

"అండ్ల ఏం లేదు భాయి, ఖాళీది," అన్నాను.

"ఖాళీదైతే మంచిదే. పై గీతలు చెక్కేసి మళ్ల పాట పట్టుకోవచ్చు."

ఇవ్వలేదు. బట్టలో చుట్టి గూట్లో పెట్టాను. వానాకాలం దానికి బూజు పట్టింది. తుడిచాను. మరుసటి ఏడాదీ పట్టింది. తుడవలేదు.