గొడుగు మీద శుభోదయం

బావ్‌జు పిన్ని దుకాణంలో కూర్చోవడానికి రెండే పీటలున్నాయి. ఒకటి ఆవిడది, రెండోది వచ్చినవాళ్లది. దుకాణం పైనున్న గది నేను అద్దెకు తీసుకున్నాక ఆ రెండోది దాదాపుగా నాదైంది. మా దీవికి దక్షిణాన ఉన్న తైనాన్‌లో ఎండకు మధ్యాహ్నమయ్యేసరికి రేకు కప్పు కింద గది పెనంలా కాలుతుంది. పుస్తకం పట్టుకుని కిందికి దిగేదాన్ని. ఆవిడ గొడుగులు బాగుచేసుకునేది, నేను చదువుకునేదాన్ని. నన్ను "చదువులమ్మా" అని పిలిచేది. నేను పెద్దగా మాట్లాడనని తెలిసి, ఆ లోటు కూడా తనే పూడ్చేది.

దుకాణం బోర్డు మీద తాళం చెవి బొమ్మ ఒకటి, గొడుగు బొమ్మ ఒకటి ఉంటాయి. తాళాల పని ఆవిడ భర్తది. ఆయన పోయాక ఆ పని మానేసింది గానీ బొమ్మ చెరపలేదు. తాళం కోసం ఎవరైనా వస్తే పక్కవీధికి దారి చూపిస్తుంది, వెళ్లేముందు ఓ జామకాయ చేతిలో పెడుతుంది.

గొడుగుల పని మాత్రం ఆవిడకు పెళ్లికి ముందు నుంచీ వచ్చు. సముద్రం పక్కన ఉప్పుమళ్ల ఊళ్లో పుట్టింది. పదహారో ఏట చాంగ్‌హ్వాలోని ఒక గొడుగుల ఫ్యాక్టరీలో చేరింది. ఆడపిల్లలందరూ ఫ్యాక్టరీ వెనకున్న హాస్టల్లోనే ఉండేవారు, ఒకదాని మీద ఒకటి మంచాలు. కింది మంచం ఈవిడది, పై మంచం చ్యూయెన్‌ది. చ్యూయెన్ గుడ్డముక్కలు కలిపి కుట్టేది. ఈవిడ ఆ గుడ్డను చువ్వల కొసలకు దారంతో బిగించేది. అంటే ఒకరి పని చివర మరొకరి పని మొదలయ్యేది.

ఒకసారి రంగు సరిగా పడలేదని నీలం గుడ్డ ఒకటి, చిన్న పువ్వుల పసుపు గుడ్డ ఒకటి పక్కన పడేస్తే, వీళ్లిద్దరూ అడిగి తెచ్చుకున్నారట. నీలం ముక్క పక్కన పసుపు ముక్క, మళ్లీ నీలం, మళ్లీ పసుపు కలిపి రెండు గొడుగులు చేసుకున్నారు. ఎక్కడికెళ్లినా జంటగా అవే వేసుకు తిరిగేవారు. "దూరం నుంచి చూస్తే సర్కస్ వచ్చిందనుకునేవాళ్లు" అని పిన్ని నవ్వేది.

చ్యూయెన్‌కు నడిమి కొండల్లో ఒక పళ్లతోటల ఊళ్లో పెళ్లయింది. ఈవిడ తైనాన్ వచ్చేసింది. ఉత్తరాలు రాసుకునేవారు. తర్వాత ఆ పెద్ద భూకంపం వచ్చింది. దాని గురించి మా దీవిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిన్ని రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. బస్సు పట్టుకుని ఆ ఊరు వెళ్లి చూస్తే వీధి ఉండాల్సిన చోట మట్టి ఉంది. ఆ కుటుంబం బంధువుల దగ్గరికి పోయిందని ఒకరన్నారు, వాళ్లలో అందరూ బతకలేదని ఇంకొకరన్నారు. అంతకుమించి పిన్ని అడగలేదు.

"అడిగితే చెప్పేస్తారేమోనని భయమేసింది" అంది నాతో. "తెలియకపోతే ఇంకా ఉన్నట్టే కదా."

భర్త పోయిన ఏడాది కూతురు పెయ్‌షాన్ ఆవిడకు ఒక బ్లాగు తెరిచి ఇచ్చింది. ఒంటరిగా గోడలతో మాట్లాడుకోకుండా ఏదైనా రాసుకోమంది. పేరు పిన్నే పెట్టుకుంది: "గొడుగుల బావ్‌జు." దుకాణానికి వచ్చే ఒక్కో గొడుగు గురించీ, దాన్ని తెచ్చిన మనిషి గురించీ రాసేది. ఫోన్ తెర మీద వేలితో ఒక్కో అక్షరమే గీసేది కాబట్టి ఒక కథకు వారం పట్టేది. ఎవరి గొడుగుతో మొదలుపెట్టినా కథ తిరిగి తిరిగి హాస్టల్‌కి చేరేది. చివర్లో ఎలాగోలా చ్యూయెన్ వచ్చేది. అవి కథలు కావు, చిరునామా లేని ఉత్తరాలు అని నాకు త్వరలోనే అర్థమైంది. ఇంటర్నెట్‌లో రాసింది ఎక్కడున్నవాళ్లయినా చదవొచ్చని పెయ్‌షాన్ చెప్పిన ఒక్క మాట ఆవిడ పట్టుకుంది.

ఎక్కడున్నవాళ్లయినా చదవొచ్చు గానీ, చదివేదాన్ని నేనొక్కదాన్నే.

పెయ్‌షాన్ తైచుంగ్‌లో ప్రకటనల కంపెనీలో పనిచేస్తుంది. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు సంగతి విని, ఉత్త రాతల కోసం ఈ రోజుల్లో ఎవరూ వెతుక్కుంటూ రారని తేల్చేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మలు పెట్టాలి, బొమ్మ నచ్చినవాళ్లు వెంటపడి బ్లాగుకి వస్తారు. తల్లికి అర్థమయ్యేలా ఇలా చెప్పింది: "బొమ్మ గుమ్మం అమ్మా, కథ ఇల్లు. గుమ్మం ముచ్చటగా ఉంటే లోపలికి తొంగిచూస్తారు."

పిన్నికి అది బాగా నచ్చింది. బాగుచేసిన గొడుగును దుకాణం ముందు తెరిచి, దాని కిందికి దూరి, పైకి చూస్తూ ఫొటో తీసేది. గుడ్డలోంచి ఎండ దిగుతూ, చువ్వలు కిరణాల్లా పరుచుకుని, ఏదో గుడి కప్పు కింద నిలబడినట్టుండేది. ఆవిడకు ఆ కన్ను ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మొదటి బొమ్మ ఒక సోమవారం పొద్దున పెట్టింది. కాసేపటికే పెయ్‌షాన్ ఫోన్ చేసింది. పిన్ని చేతులకు నూనె ఉండడంతో ఫోన్ నేనే పట్టుకున్నాను.

"అమ్మా, గొడుగేది?"

"అదుగో, ఉందిగా."

"దాని మీద ఎర్రక్షరాలు కనబడుతున్నాయి, పసుపు అంచు కనబడుతోంది, మూల తామరపువ్వు కనబడుతోంది. గొడుగు కనబడట్లేదు. శుభోదయం ఎందుకు రాశావసలు? అది నీ గుడి గ్రూపు కాదమ్మా."

"పొద్దున్నే పెట్టాను కదే. పలకరింపు లేకుండా బొమ్మ పంపిస్తే, ఒకళ్ల గుమ్మంలోకెళ్లి నోరు మూసుకు నిలబడ్డట్టుండదూ?"

మా దగ్గర పెద్దవాళ్లందరికీ ఇది అలవాటు. పొద్దున లేవగానే ఒక పువ్వో, కొండో, పిల్లవాడి మొహమో, దాని మీద ఇంతింత అక్షరాలతో శుభోదయం, కింద తిన్నారా అన్న పలకరింపో, ఒక మంచిమాటో. లైన్ అనే మెసేజీల యాప్‌లో ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి అవి తిరుగుతూనే ఉంటాయి. మా నాయనమ్మ రోజుకు మూడు పంపుతుంది, ఒక్కటీ తెరవకుండానే బాగుందని బొటనవేలి గుర్తు పెట్టేస్తాం. పిన్ని చేసింది అదే పని, కాకపోతే చేసిన చోటు వేరు. బొమ్మ కింద కుర్రవాళ్లు నవ్వుతూ రాశారు. "మా నాయనమ్మ ఇక్కడికీ వచ్చేసింది" అని ఒకరు, "తిన్నాను అమ్మమ్మా, పడుకోబోతున్నాను" అని మరొకరు.

పెయ్‌షాన్ ఆ బొమ్మ తీయించేసింది. ఇకనుంచి ఫొటోల మీద ఒక్క అక్షరం ఉండకూడదని షరతు పెట్టింది. ఫొటోలు తల్లి తీస్తుంది, పెట్టేది కూతురు. కొద్ది వారాలకే ఆ గొడుగులకు గుండె గుర్తులు వచ్చి పడ్డాయి. ఎవరో జపాన్ నుంచి కూడా మెచ్చుకున్నారు. పిన్ని రోజూ బ్లాగు తెరిచి ఎంతమంది వచ్చారో చూసేది. అక్కడ మాత్రం ఎప్పటిలాగే నేనే.

"గుమ్మం బాగుందని చెప్పి వెళ్లిపోతున్నారు" అంది ఒకరోజు. "ఒక్కళ్లూ చెప్పులు విప్పట్లేదు."

ఫొటో కింద రాసే మాటల పని అప్పుడు నాకు అప్పగించారు. మనుషుల ముందు నోరు పెగలదు గానీ రాయమంటే రాయగలను. కథలోంచి ఒక వాక్యం తీసి, సరిగ్గా మధ్యలో ఆపేదాన్ని. "ఈ గొడుగును ఆయన మూడుసార్లు బస్సులో మర్చిపోయాడు, నాలుగోసారి మాత్రం" అని అంతటితో వదిలేసి, మిగతాది బ్లాగులో ఉందని చెప్పేదాన్ని. అలా కొందరు రావడం మొదలైంది. ఎక్కువగా కాలేజీ పిల్లలు. కథలు బాగున్నాయని, ఏడుపొచ్చిందని రాసేవారు. పెయ్‌షాన్ పొంగిపోయింది.

పిన్ని ప్రతి మెప్పునూ చదివించుకుని, రాసినవాళ్ల ఫొటో చూపించమనేది. చూసి తల ఊపేది. చదివేవాళ్లు వచ్చారు, రావలసిన మనిషి రాలేదు.

"నా ఈడుదే కదా" అంది ఒక మధ్యాహ్నం, చేతిలో చువ్వ వంచుతూ. "ఫోన్లు చూసే కాలం దాకా ఉందో లేదో." అంత స్పష్టంగా ఆ మాట అనడం అదే మొదటిసారి.

కూతురు వద్దన్న అక్షరాలను పిన్ని మానుకోలేదని నాకు తర్వాత తెలిసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ప్రతి ఫొటోనూ విడిగా తీసుకుని, దాని మీద తన పద్ధతిలో శుభోదయం రాసి, కింద "కథ కావాలంటే: గొడుగుల బావ్‌జు" అని చేర్చి గుడి గ్రూపులో పంపుతోంది. గ్రూపు పెద్ద లియావ్ మావయ్య మొదట అభ్యంతరం చెప్పాడట. మాలో గొడుగు కానుకగా ఇవ్వరు, ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ విడిపోతారంటారు. పొద్దున్నే అందరికీ గొడుగు పంచడం ఏం శకునమని ఆయన అడిగాడు. "విడిపోవలసినవాళ్లం ఎప్పుడో విడిపోయాం మావయ్యా, ఇక భయమేముంది" అని పిన్ని జవాబిచ్చింది. అది ఆయనకు తగిలినట్టుంది. మర్నాటి నుంచి ఆ బొమ్మలను తన భజన గ్రూపుకీ, కొండలెక్కే గ్రూపుకీ, కోడలి పుట్టింటి గ్రూపుకీ ఆయనే పంపడం మొదలుపెట్టాడు.

వర్షాలు పట్టేసరికి బ్లాగుకి వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. పెయ్‌షాన్ అది తన ఫొటోల గొప్పేననుకుంది. కానీ వాళ్లంతా తెల్లారగానే వస్తున్నారు, కుర్రవాళ్లు ఇంకా ముసుగుతన్ని పడుకునే వేళకి. ఒక్కరూ ఒక్క మాటా రాయడం లేదు. లియావ్ మావయ్య బ్లాగు ఎలా చదువుతున్నాడో చూశాక నాకు అర్థమైంది. ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని "గొడుగుల బావ్‌జు" అని గట్టిగా అంటాడు, అది వెతికి పెడుతుంది. ఏదైనా రాయాలంటే పేరు నమోదు చేసుకోమంటుంది, రహస్యపదం అడుగుతుంది. అక్కడ ఆగిపోతాడు. ఆయనలాంటి వాళ్లు ఊరూరా ఉన్నారన్నమాట. ఈ సంగతి పెయ్‌షాన్‌కి చెప్పాను. "నేను కంపెనీలో ఈ పనికే జీతం తీసుకుంటున్నానని ఎవరితోనూ అనకు" అంది.

ఆ తర్వాత ఒక వానరోజు మధ్యాహ్నం లియావ్ మావయ్య రెయిన్‌కోటు విప్పకుండానే దుకాణంలోకి వచ్చాడు. ఫోన్‌ను చేయంత దూరం చాపి పిన్ని ముందు పెట్టాడు.

"ఇది కొండలెక్కే గ్రూపులో వచ్చింది. నాకు పంపినవాడికి వాళ్ల చెల్లెలు పంపిందట. బావ్‌జు అనే పేరున్న ప్రతివాళ్లకీ పంపమంటున్నారు. మనకున్నది నువ్వే కదా."

అది శుభోదయం బొమ్మే. అక్షరాలు పిన్ని రాసేవాటి కన్నా పెద్దవి, ఆకుపచ్చవి. "గొడుగుల బావ్‌జుకి శుభోదయం. తిన్నావా?" అని ఉంది. కింద ఒక ఫోన్ నంబరు. అక్షరాల వెనక, ఎవరి పెరట్లోనో తెరిచిపెట్టిన పాత గొడుగు. వెలిసిపోయిన నీలం, పక్కన పసుపు, మళ్లీ నీలం, మళ్లీ పసుపు.

పిన్ని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. తెరమీద వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, చువ్వ కొసల దగ్గర చాలాసేపు చూసింది.

"ఈ ముడులు నావి" అంది.

లియావ్ మావయ్య నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. పిన్ని ఫోన్‌ను బల్లమీద బోర్లా పెట్టింది. గొడుగు ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు కదా అంది. తల్లి గొడుగు కూతురు దాచుకుని ఉండొచ్చు, బ్లాగు చదివి ఆ కూతురే ఈ బొమ్మ పంపి ఉండొచ్చు. ఇన్నేళ్లూ దాటవేసిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు బల్లమీద ఉంది, ఒక నంబరు దూరంలో. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని వాన వంక చూస్తూ కూర్చుంది.

"పిన్నీ, కూతురైతే తిన్నావా అని ఇంత చనువుగా అడగదు" అన్నాను. అంత పెద్ద మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

పిన్ని నా వంక చూసింది. ఫోన్ తిప్పి నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక, అవతల విసుగెత్తిన గొంతొకటి పలికింది.

"ఏ బావ్‌జు? ఇవాళ పొద్దుట్నుంచీ చేస్తున్నారు బావ్‌జులు. చేపలమ్మే బావ్‌జు చేసింది, రిటైరైన టీచరు బావ్‌జు చేసింది. మీరెవరు?"

పిన్ని ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "కింది మంచం బావ్‌జుని."

అక్కడా వానే పడుతున్నట్టుంది, ఆ చప్పుడొకటే వచ్చింది. తర్వాత ఆ గొంతు, ఈసారి వేరేగా, అడిగింది.

"ఇంకా గురక పెడుతున్నావా ఏమే?"

లియావ్ మావయ్య లేచి, బయట వాన తగ్గిందేమో చూడాలన్నట్టు గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. పిన్ని ఏడ్చింది, నవ్వింది. గురక పెట్టేది తను కాదని, గోడ పక్క మంచంలోని లావుపాటి పిల్లని గట్టిగా వాదించింది. ఇల్లు కూలిన రోజు చ్యూయెన్ కుటుంబమంతా బయటపడిందట. చిరునామాలూ ఉత్తరాలూ మట్టిలో పోయాయి. స్కూటర్‌కి తగిలించి ఉండబట్టి గొడుగు మిగిలింది. తర్వాత ఈలాన్‌లో ఆడపడుచు దగ్గర స్థిరపడ్డారు. ఈవిడ కూడా తైనాన్‌లో పాత ఇల్లు మారింది కాబట్టి అక్కణ్ణుంచి గుర్తున్నంతలో చిరునామా వేసి రాసిన ఉత్తరమూ తిరిగెళ్లింది. చ్యూయెన్ ఉన్న పాటల గ్రూపులో ఒక పొద్దున గొడుగు బొమ్మ వచ్చింది. పేరు చూసి ఫోన్‌లో అడిగితే బ్లాగు దొరికింది. అన్ని కథలూ చదివింది. జవాబు రాయబోతే రహస్యపదం అడిగింది. అందుకని పెద్దవాళ్లకు ఫోన్ నేర్పే క్లాసుకి వెళ్లి, తనకూ ఒక శుభోదయం చేసిపెట్టమంది.

"నీ కథల్లో తప్పులున్నాయి" అంటోంది ఆ గొంతు. "ఆ గుడ్డలు అడిగింది నువ్వు కాదు, నేను."

"రాసేది నేను కాబట్టి నేనే అడిగాను" అంది పిన్ని.

ఆ సాయంత్రం పెయ్‌షాన్ ఆ బొమ్మను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది, ఒక్క అక్షరం తీయకుండా. మర్నాడు పొద్దున గుడి గ్రూపులో గొడుగు రాలేదు. పిన్నికి ఒంట్లో బాగోలేదా అని ఎవరెవరో అడిగారు. కింద దుకాణంలోంచి నవ్వులు నా గదిలోకి వినబడుతూనే ఉన్నాయి. బాగానే ఉంది, ఫోన్లో మాట్లాడుతోంది అని నేనే జవాబు రాశాను. రాశాక ఎందుకో సరిపోలేదనిపించి, చివర శుభోదయం అని చేర్చాను.