బెల్టు కింద తెల్ల చార

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల్లో, ఎరుపు తెలుపు జెండాలున్న దేశాలన్నిటి కథలూ నాకు నోటికి వచ్చేవి. పినపాక చుట్టుపక్కల అడవి పల్లెల్లో అంతటి పిల్లవాడు ఇంకొకడు లేడు.

ఆ చదువంతా పక్కింటి అక్క పుణ్యం. ఖమ్మంలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడల్లా చెప్పేది. డెన్మార్క్ జెండా యుద్ధం మధ్యలో ఆకాశం నుంచి రాలిపడిందట. ఇండోనేషియా కుర్రాళ్లు డచ్చివాళ్ల జెండాలో కింది నీలం పట్టీ చించేస్తే ఎరుపు తెలుపే మిగిలాయట. నాకు బాగా నచ్చింది ఆస్ట్రియాది. యుద్ధంలో ఒక దొర తెల్ల అంగీ నిండా నెత్తురైంది. బెల్టు విప్పితే దాని కింద తెల్లగా ఒక చార. అదే జెండా అయిందట.

పంద్రాగస్టున బడిలో ఆ కథ చెప్పడం కాదు, చేసి చూపాలనుకున్నాను. మా నాన్నకు ఒకటే తెల్ల చొక్కా. మర్నాడు కొత్తగూడెంలో ప్యూను ఉద్యోగం ఇంటర్వ్యూకని అమ్మ ఉతికి మడతపెట్టింది. దాన్ని సంచిలో దాచి పట్టుకుపోయాను. నెత్తురుకు బదులు పసుపులో సున్నం కలిపి, అమ్మ దిష్టి తీసే ఎర్రనీళ్లు చేశాను. వెయ్యిమంది ముందు చొక్కా తొడుక్కుని, బెల్టు బిగించి, చెంబెడు గుమ్మరించుకుని బెల్టు విప్పాను.

చార లేదు. నీళ్లు బెల్టు కిందికీ దిగాయి. మెడ నుంచి అంచు దాకా ఒకటే ఎరుపు.

"ఏందిరా, మీ దొర దిష్టి తీయించుకున్నడా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. బడంతా నవ్వింది.

సాయంత్రం పొలం నుంచి వచ్చిన నాన్న చొక్కా చూసి నిలబడిపోయాడు. భయంతో, "అక్కనే తెమ్మన్నది" అనేశాను. ఆయన నేరుగా పక్కింటికి నడిచాడు.

"చదువుకున్నదానివి గదమ్మా, పోరగానికి గిట్లనా నేర్పేది? రేపు నేనేం ఏసుకొని పోవాలె?"

అక్క నావైపు ఒక్కసారి చూసింది. "తప్పు నాదే బాబాయ్. ఇటియ్యి" అని చొక్కా తీసుకుని నిమ్మకాయ పిండి రుద్దింది. ఎరుపు విరిగి పసుపైంది. ఆ పసుపు పోవాలంటే ఎండ కావాలి, బయట ముసురు. ఎంత ఉతికినా ఆమె చేతులే పచ్చబడ్డాయి తప్ప చొక్కా తెల్లబడలేదు. ఇక చూడలేక నాన్నతో చెప్పేశాను: "అక్క తెమ్మనలే. నేనే తీసిన."

నాన్న కొట్టలేదు. తడి చొక్కా తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. అక్క మాత్రం చేతులు కడుక్కుంటూ అంది: "తడి బెల్టు కాడ ఆగదురా. ఆ చార కథ చెప్పినోళ్లు మిగిల్చిన్రు. నువ్వు గూడ కథను ఎంతన్న పెంచు. ఇంకోల మీద పడకుండ పెంచు. విప్పి చూపెట్టనీకి జరంత తెలుపు ఉంచుకో."

తెల్లవారి నాన్న ఆ పచ్చ చొక్కాతోనే బస్సెక్కాడు. ఆఫీసరు ముచ్చటపడి అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడు.

ఇన్నేళ్లొచ్చినా కథలు పెంచి చెప్పే నా గుణం పోలేదు. కానీ కథ ముగించి లేచే ముందు బెల్టు విప్పి నిజం చూపడం అక్క వల్ల అలవాటైంది. ఆ రోజు బడిలో ఉన్నది వెయ్యిమంది కాదు, నలభై మంది. నాకు తెలిసిన జెండాలు ఆ మూడే.

నాన్నకు ఆ ఉద్యోగం రాలేదు.