ఎలుగుబంటి కథకు నేను గురువునైన ఏడాది

రిటైరయ్యాక టెక్కలిలో నన్నెవరూ దేనికీ పిలవలేదు. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. నాటికలు రాశాను. పరిషత్తు పోటీల్లో వచ్చిన షీల్డులు కొన్ని ఇంట్లో ఉన్నాయి. అలా ఖాళీగా కూర్చున్న రోజుల్లో నగరం నుంచి ఒక సంస్థవాళ్ళు ఫోన్ చేశారు. పల్లెల్లో కొత్తగా ఏదైనా తయారుచేసే కళాకారులకు ఏడాదిపాటు నెలనెలా సాయం చేస్తారట. ఒక్కొక్కరికి పక్కన ఒక మెంటర్ ఉంటాడట. "ఉద్దానం వైపు మీరు తప్ప మాకెవరూ తెలీదు సార్" అన్నారు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రానికల్లా వీధిలో నలుగురికి చెప్పేశాను.

కళాకారుణ్ణి వెతికే పని కూడా నాదే. నందిగాంలో ఉన్న నా పాత విద్యార్థి ఒకడు, కంచిలి దగ్గర ఒక ఊళ్ళో ఒకావిడ జముకు వాయించి కథ చెబుతుందని చెప్పాడు. జముకంటే చిన్న కుండలాంటి వాద్యం. ఒక పక్క తోలు, తోలు మధ్య నుంచి ఒక నరం. చంకలో ఇరికించుకుని, నరం లాగిపట్టి మీటితే మనిషి గొంతులోంచి వచ్చినట్టే పలుకుతుంది. మావైపు అమ్మవారి పండగల్లో మగవాళ్ళు వాయిస్తారు. ఆడమనిషి వాయించడం నేను అంతకుముందు చూడలేదు.

ఆవిడకి నలభై లోపే. ఊరి చివర జీడిపిక్కల బట్టీలో పని, పప్పు మీద పొట్టు తియ్యడం. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం అన్నాల వేళ. పాతికమంది ఆడవాళ్ళు రేకుల షెడ్డు నీడలో క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. ఆవిడ గోడకి ఆనుకుని జముకు పట్టుకుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పాత కథ ఏదో వినిపిస్తుందనుకున్నాను. కాదు. తనే కట్టిన కథ.

ఒక ఎలుగుబంటి. అది ఉండే కొండని రాయి కోసం క్వారీవాళ్ళు కోసుకుపోయారు. ఇల్లు పోయిన ఎలుగు జీడితోటలోకి దిగింది. రాలిన పళ్ళు తిని మత్తెక్కి, పొద్దున్నే రేషన్ డిపో దగ్గర లైన్లో నిలబడింది. డీలరు వేలిముద్ర వెయ్యమన్నాడు. ఎలుగు పంజా పెట్టింది. మిషను పడలేదంది. ఇంకో పంజా పెట్టింది. మళ్ళీ పడలేదంది. లైన్లో ఉన్న ఆడవాళ్ళకీ అంతే. జీడినూనెకి వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఏ మిషనూ వాళ్ళని గుర్తుపట్టదు. "నీ ఏలూ పడనేదేటి ఎలుగమ్మా, నా ఏలూ పడనేదు, రా, ఇలగ కూకో" అని వాళ్ళు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఆవిడ ఎలుగులా గుర్రుమంటూ డీలరుతో తగువు పెట్టుకుంటుంటే, అన్నం తింటున్న ఆడవాళ్ళు పొలమారి దగ్గుతూ నవ్వారు. నేనూ నవ్వాను. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, నాకు కావలసిన మనిషి దొరికింది అనుకున్నాను.

దరఖాస్తు నేనే నింపాను. కళాకారిణి జీవితం గురించి ఒక పేజీ రాయమన్నారు. అడిగితే ఆవిడ చెప్పింది: మొగుడు ఆటో తోలేవాడు. కిడ్నీలు పాడయ్యాయి. రెండేళ్ళు డయాలసిస్ చేయించుకుని పోయాడు. చెప్పి, "అది మీకు తెలవాలని సెప్పినాను గాని, కాయితం మీద ఎందుకులెండి" అంది. నేను కాయితం మీద పెట్టాను. బాగా రాశాను కూడా. వాక్యాలు రెండుసార్లు దిద్దాను.

సాయం వచ్చింది. ఆవిడ బట్టీలో పని మానేసింది. షెడ్డు ఓనరు ఆమె పీట మీద మర్నాడే ఇంకొకరిని కూర్చోబెట్టాడు. మొదటి నెలలు నిజంగా బావున్నాయి, ఆ మాట దాచను. వారానికి రెండు రోజులు నేను బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. వాళ్ళ పెరట్లో కొబ్బరిచెట్ల కింద కూర్చుని కథ సాగదీసేవాళ్ళం. అత్తగారు పక్కనే చీపుళ్ళకి ఈనెలు తీస్తూ వినేది. "ఎలుగు అలగ మాటాడదే. అది ముందు వాసన సూత్తాది" అని మధ్యలో దిద్దేది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పాట ఎత్తుకోవాలో నేను కొన్ని చెప్పాను. ఆవిడ సగం తీసుకుంది, సగం వదిలేసింది. ఆమె వదిలేసినవి నిజంగా వదిలెయ్యవలసినవే.

ఆరో నెలలో సమీక్ష. కథని ఫోన్లో రికార్డు చేసుకుని నేనొక్కణ్ణే నగరానికి వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు. కథ చూసి నవ్వారు.

వాళ్ళలో ఒకావిడ "చాలా సరదాగా ఉందండీ. కానీ ఇందులో ఉద్దానం ఎక్కడుంది?" అని అడిగింది.

కొండ ఉంది, తోట ఉంది, అరిగిపోయిన వేళ్ళున్నాయి, ఇంకేం కావాలమ్మా అనవలసింది. నేను తలూపాను. మంచి ప్రశ్న వేశారన్నట్టు తలూపాను.

ఆవిడ నా దరఖాస్తు తిరగేసింది. "ఆమె భర్త గురించి మీరు రాసిన పేజీ చదివి నాకు రాత్రి నిద్రపట్టలేదు సార్. అసలు కథ అది కదా. మెంటర్‌గా మీరు ఆమెని అటు తీసుకెళ్ళాలి. మిగతా ఆరు నెలల సాయం విషయం అది చూశాక మాట్లాడుకుందాం."

నా రాత ఒకరికి నిద్ర పట్టనివ్వలేదంటే నాకు బస్సులో తిరిగొస్తున్నంతసేపూ గర్వంగానే ఉంది. ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బు కథ చెప్పకూడదని నేననను. ప్రతి ఊళ్ళోనూ ఆ కథ ఉంది. చెప్పాలనుకున్నవాళ్ళు చెప్పాలి. మా జముకావిడ మాత్రం చెప్పననే అంది.

"అది నాను పాడను మేస్టారూ" అంది, విషయం వినగానే. "ఆ మడిసి బతికున్నన్నాళ్ళూ ఎవులికీ తెలనీలేదు. డయాలసిస్ సూదులకి సెయ్యి మీద నరం ఇంత లావు ఉబ్బిపోతే, ఎండాకాలం కూడా పొడుగు సేతుల సొక్కా ఏసుకునే ఆటో తోలినాడు. గుండీలు నానే పెట్టీదాన్ని. జబ్బోడని తెలిత్తే ఆటో ఎవులెక్కుతారే అనీవోడు."

నాకు ఒళ్ళు జలదరించింది. జలదరించింది మనిషి కోసం కాదు. ఆ చొక్కా కోసం. నాటికలు రాసేవాడికి అలాంటిది ఒక్కటి దొరికితే చాలు.

"చూడమ్మా, నీ బాధ నీ ఒక్కదానిదీ కాదు" అని మొదలుపెట్టాను. క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను. లోకానికి తెలియాలన్నాను. ఆయన ఆత్మ శాంతిస్తుందని కూడా అన్నాను. ఆ మాట నేనే నమ్మలేదు.

"మరి ఎలుగు కతో?"

"అది తర్వాత చేద్దాం. ఎక్కడికి పోతుంది?"

ఆవిడ జముకు నరం వదులు చేసి పక్కన పెట్టింది. తర్వాత "నాను కాదంటే వోలు డబ్బులు ఆపెత్తారేటి?" అని అడిగింది. ఆపరని చెప్పలేకపోయాను. బట్టీలో ఆమె పీట పోయిందని ఇద్దరికీ తెలుసు. అత్తగారు ఈనెల కట్ట పక్కన పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు తర్వాత ఆమె మా దగ్గర కూర్చోలేదు.

కథ నేనే రాశాను. ఆవిడ మాటలు తీసి నా మాటలు పెట్టాను. ఆమె భాష నగరంలో కొందరికి అర్థం కాదని, 'సెయ్యి' ఉన్నచోట 'చేయి' అన్నాను. ఆవిడ అది పలకడానికి కష్టపడేది. ప్రతిసారీ ఆ అక్షరం దగ్గర జముకు ఒక్క క్షణం ఆగేది. చొక్కా గుండీలు పెట్టే ఘట్టం మూడుసార్లు తిరగరాశాను. రిహార్సల్లో అక్కడికొచ్చేసరికి ఆవిడ ముఖం రాయిలా అయిపోయేది. "అలాగే, అలాగే, ఏడవకు. నువ్వు ఏడవకపోతే వాళ్ళు ఏడుస్తారు" అన్నాను. నాటకాల్లో నేను నేర్చుకున్న కిటుకు అది. ఆమెకి నేర్పాను.

ప్రదర్శన నగరంలో, పెద్ద ఏసీ హాల్లో పెట్టారు. చొక్కా దగ్గరికొచ్చేసరికి హాల్లో ముక్కులు చీదడం వినిపించింది. అయిపోయాక అందరూ లేచి నిలబడ్డారు. సమీక్షలో మాట్లాడినావిడ స్టేజీ ఎక్కి ఈమెని కౌగిలించుకుని ఏడ్చింది. ఫొటోలు తీశారు. నన్ను కూడా పిలిచి శాలువా కప్పారు. ఆవిడ జముకు చంకలో పెట్టుకుని, ఎవరిదో పెళ్ళికి దారితప్పి వచ్చినదానిలా నిలబడి, మంచినీళ్ళు ఎక్కడున్నాయని నన్ను అడిగింది.

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. పలాస దాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. నేను దిగడానికి శాలువా సంచిలో పెట్టుకుంటుంటే అప్పుడు మాట్లాడింది.

"మేస్టారూ, ఆ మడిసి ఏసుకున్న సొక్కా, మనిద్దరం కలిసి అందరి ముందరా ఇప్పీసినాం."

దిగేవాళ్ళు తోసేస్తున్నారు. రైలు ఆమెతో సోంపేట వైపు వెళ్ళిపోయింది.

ఎవరో తీసిన వీడియో పది రోజుల్లో ఫోన్లన్నీ తిరిగి వాళ్ళ ఊరు చేరింది. జరిగింది తర్వాత నా విద్యార్థి చెప్పాడు. అత్తగారు కొడుకు మీద కట్టిన కథని మొదటిసారి పక్కింటివాళ్ళ ఫోన్లో విన్నది. ఇంటికొచ్చి పొయ్యి వేరు పెట్టుకుంది. ఒకే వసారాలో రెండు పొయ్యిలు. ఆయన ఆటో ఎక్కిన ఊరివాళ్ళు మాత్రం, "తెలిత్తే మేం ఎక్కమా, మావాడు కాదేటి" అని బాధపడ్డారట. ఆయన అంత కష్టపడి దాచింది వాళ్ళ దగ్గరే.

సంస్థవాళ్ళు చాలా సంతోషించారు. ఇంకో నాలుగు ఊళ్ళలో ఆడించాలన్నారు. ఆవిడ రానంది. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరి నివేదికలో 'వ్యక్తిగత కారణాల వల్ల కళాకారిణి కొనసాగలేకపోయారు' అని రాశాను. మెంటర్ అనుభవం గురించి ఒక పేజీ ఇచ్చారు. అది కూడా నింపాను.

వేసవి దాటాక ఒకరోజు ధైర్యం చేసి వెళ్ళాను. ఆవిడ మళ్ళీ అదే బట్టీలో ఉంది. పొట్టు తీసేచోట పీట ఖాళీ లేక, పిక్కలు కొట్టేచోట కూర్చోబెట్టారు. అక్కడ నూనె ఎక్కువ, చేతులు నల్లగా అయిపోయాయి. నేను గేటు దగ్గర ఉండగానే లోపలినుంచి నవ్వులు వినిపించాయి. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గొల్లుమంటున్నారు. ఎలుగు డీలరుతో తగువు పడుతోంది. కథ నాకు తెలిసినదానికంటే ముందుకెళ్ళిందని అర్థమైంది. కథలోకి ఎవరో కలెక్టరుగారు వచ్చినట్టున్నారు, ఎలుగు ఆయన చేతిని వాసన చూస్తోంది. నేను గుమ్మంలోకి వచ్చాను. ఒకామె నన్ను చూసి పక్కామెని మోచేత్తో పొడిచింది. నవ్వులు ఆగిపోయాయి. సుత్తుల చప్పుడు మాత్రం మిగిలింది.

ఆవిడ బయటికొచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తప్పు చేశానమ్మా. నిన్ను అలా తీసుకెళ్ళకుండా ఉండాల్సింది" అన్నాను. దారిపొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు ఇంకా ఉన్నాయి.

"మీదేటి తప్పు? మీరు రాసినారు, పాడింది నానే గదా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బావుండును. తిడితే పడి, తేలికపడి ఇంటికెళ్ళిపోదామనే నేను వచ్చానని ఆవిడకి తెలిసినట్టుంది. ఆ వీలు నాకివ్వలేదు.

"ఎలుగు కథ పెరిగినట్టుంది. ఒకసారి వినిపిస్తావా?" అని అడిగాను.

"అది ఈలకి సెప్పుకునీదండి" అని లోపల ఉన్నవాళ్ళని చూపించింది. "మీకు సెప్పను. ఏమీ అనుకోకండి మేస్టారూ." టీ తాగి వెళ్ళమంది. షెడ్డు పక్క కొట్లో ఒక్కణ్ణీ నిలబడి తాగాను. డబ్బులివ్వబోతే కొట్టువాడు, ఆవిడ చెప్పింది వద్దని అన్నాడు.

ఈ ఏడు సంస్థవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. డొంకూరులో వలలు అల్లే ఒక పెద్దాయన సముద్రం మీద పాటలు కడతాడట, ఆయనకి మెంటర్‌గా నన్నే అనుకుంటున్నారట. రెండు రోజులు టైమడిగాను. కాదందామని రెండు రోజులూ అనుకున్నాను. మూడో రోజు సరేనన్నాను. పెద్దాయన్ని కలిసొచ్చాను కూడా. మంచి మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ, పడవ తిరగబడి పోయిన తమ్ముడి సంగతి ఏదో చెప్పబోయాడు. నేను వెంటనే మాట మార్చాను. వలల గురించి అడిగాను. ఆయన కాసేపు వలల గురించి చెప్పాడు. మళ్ళీ తమ్ముడి దగ్గరికే వచ్చాడు. ఆయనకి అది చెప్పుకోవాలని ఉంది. ఈసారి నేను అడ్డుపడలేదు. వింటూ కూర్చున్నాను. వింటున్నానా, ఏరుకుంటున్నానా అన్నది మాత్రం నాకే తెలియలేదు.