చెయ్యి పెట్టి చూపించు

అల్లూరు మండలంలోని మా చిన్న సర్కారు ఆసుపత్రికి వచ్చేవాళ్లలో సగం మందికి ఒకటే జబ్బు, టెన్షన్. కరెంటు పోయి రొయ్యల గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే టెన్షన్. కూతురు ఎక్కిన బస్సు అరగంట ఆలస్యమైతే టెన్షన్. మోకాలు నొప్పెట్టినా, మొగుడు మాట్లాడకపోయినా అదే మాట. మా అవ్వ కాలంలో దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు. ఇప్పుడు అన్నింటినీ ఒకే గోతంలో కుక్కి, మూతి కట్టి, తెచ్చి నా కిటికీ ముందు దించుతారు. నేను ఫార్మసిస్టుని, మందులిచ్చేవాణ్ణి. ఓపిక తక్కువ. ఒక గ్యాసు మాత్ర చేతిలో పెట్టి పంపేవాణ్ణి.

మా నర్సు ఫ్లోరా అలా కాదు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆ మాట వినపడితే చాలు, పెన్ను పక్కన పెట్టి, "యాడుండాది? చెయ్యి పెట్టి చూపించు" అంటుంది. గొంతు మీద పెట్టుకున్నవాళ్లను తలుపు దగ్గరికేసి ఏడవనిస్తుంది. ఓసారి ఆటో హెన్రీ దవడ మీద పెట్టుకుంటే పన్నునొప్పని నేను నవ్వాను. ఆమె ఈసీజీ తీసి, ఉన్నపళంగా నెల్లూరుకు పంపింది. గుండెపోటట. ఆ తర్వాత నేను నవ్వడం మానుకున్నాను.

పోయిన డిసెంబరులో చెంచమ్మ తన మొగుడు నరసయ్యను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె నాట్లకు పోతుంది, ఆయన రొయ్యల గుంటల కాపలా.

"ఈ మనిషికి టెన్షన్ పట్టుకునింది సిస్టరమ్మా. కూడు తినడు, నిద్రపోడు. అడిగితే నోరు తెరవడు. ఏదన్నా సూదెయ్యి."

ఫ్లోరా ఆయన వైపు తిరిగింది. "యాడుండాది నరసయ్యా? చెయ్యి పెట్టి చూపించు."

నరసయ్య గోడ మీది క్యాలెండరు చూశాడు. తర్వాత చెయ్యెత్తి, పక్కనున్న చెంచమ్మ భుజం మీద పెట్టాడు. తియ్యలేదు.

"ఛీ, ఏందిది, అందరి ముందరా" అని చెంచమ్మ నవ్వుతూ తోసెయ్యబోయింది.

"దీనికి రొమ్ములో గడ్డుండాదమ్మా" అన్నాడు నరసయ్య. "క్యాంపుకొచ్చిన డాక్టరమ్మ నెల్లూరుకు పోయి పరీక్ష చేయించుకోమనింది. వినాయక చవితప్పటి మాట. నాట్లయిపోనీ, నాట్లయిపోనీ అంటుండాది. ఇది పోతే నేనేం గావాల?"

ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చెంచమ్మ నవ్వు ఆగిపోయింది. "నాకేం కాదులే" అంది నేల చూస్తూ.

"అయ్యేదీ కానిదీ నెల్లూరులో చెప్తారు" అంది ఫ్లోరా. "ఈయనకు సూది నేను వెయ్యలేను. మందు నీకాడుండాది. నాట్లు ఎవురో ఒకరు వేస్తారులే. రేపు తొలి బస్సుకు నేనూ వస్తా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడమెందుకు?

నెల్లూరులో చేసిన పరీక్ష ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో ఓ మధ్యాహ్నం నేనే నోరు జారి "టెన్షన్‌గా ఉంది సిస్టర్" అన్నాను. "యాడుండాది?" అంది ఫ్లోరా. చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్లూ ఎంతమందిని ఊరికే పంపేశానోనని సిగ్గేసింది.

కాగితం వచ్చింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ బెంచీ మీద బిగుసుకుని కూర్చున్నారు. ఫ్లోరా రెండుసార్లు చదివి, "మామూలు గడ్డే. క్యాన్సరు కాదు" అంది.

చెంచమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మొగుడి మీద విరుచుకుపడింది. "ఇప్పుడు యాడుండాది నీ టెన్షను? చూపించు!"

నరసయ్య కాస్త ఆలోచించి, చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు.

"ఆకలేస్తుండాదే" అన్నాడు.