గోడ మీద పదకొండు ‘కూడదు’లు

1957 వేసవి. అనంతపురం పాతూరులో బోర్డులు రాసే చిన్న గది ఉండేది నాకు. కిరాణా అంగళ్లు, సోడా షాపులు, బట్టల కొట్లు, అప్పుడప్పుడూ బస్సుల నెత్తిన ఊళ్ల పేర్లు, ఇవే నా పనులు. ఈ నలభై ఏళ్లలో కొన్ని వేల బోర్డులు రాసుంటాను. అన్నింటిలోకీ నాకు బాగా గుర్తున్నది మాత్రం బోర్డు కాదు, ఒక గోడ.

శింగనమల చెరువు అవతల పల్లె నుంచి దావీదు అనే సంఘపెద్ద వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. అంత ఎండలోనూ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. తమ క్రైస్తవ సంఘం వాళ్లు రాయీ రాయీ మోసి మందిరం కట్టుకున్నారని, వచ్చే ఆదివారం ప్రతిష్ఠ అని, ముందు గోడ మీద తమ నియమాలు రాయాలని చెప్పి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. అందులో పదకొండు నియమాలున్నాయి. సారాయి తాగ కూడదు, బీడీ కాల్చ కూడదు, జూదమాడ కూడదు, సినిమాకు పోకూడదు, డప్పు కొట్ట కూడదు, ఇలా సాగింది వరస.

“మీరెవరప్పా అని ఊళ్లోవాళ్లు అడుగుతాండారు. ఇంక ఆ గోడే చెప్పల్ల,” అన్నాడు. కూడదు అన్న మాట మాత్రం ఎర్రరంగులో ఉండాలన్నాడు.

నాకు లోలోపల సంతోషమేసింది. పదకొండు వరుసలకూ చివర ఒకటే మాట. ఒక్క స్టెన్సిల్ కోసుకుంటే సగం పని అయినట్టే. స్టెన్సిల్ అంటే కిరోసిన్ డబ్బా రేకులో అక్షరాన్ని కత్తిరించి, ఆ ఖాళీలో రంగు అద్దడం. సోమరితనానికి తెలివి అని పేరు పెట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటే.

శుక్రవారం పొద్దున శింగనమలలో బస్సు దిగేసరికి ఒంటెద్దు బండితో ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు ఏసోబు. సన్నగా, ఎండిన కట్టెలా ఉన్నాడు గానీ నా రంగు డబ్బాలన్నీ ఒక్క చేత్తో ఎత్తి బండిలో పెట్టాడు. దారంతా నవ్విస్తూనే ఉన్నాడు. పల్లె కనబడే వేళకు మాత్రం గొంతు తగ్గించి అడిగాడు.

“అన్నా, నాకు చదువు రాదు. అయిదో వరసలో డప్పు సంగతి రాస్తారంట. అది నా సంగతే. ఆ వరస కొంచిం చిన్నక్షరాలతో రాయొచ్చునా?”

నాకు నవ్వొచ్చింది, కానీ అతను నవ్వలేదు. విషయం అప్పుడు తెలిసింది. పదకొండూ పాటించేవాళ్ల పేర్లే ప్రతిష్ఠ నాడు చదువుతారట. పేరు చదవకపోతే ఆ మనిషి సంఘంలో లేనట్టే, అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లలో అతనికి చోటు లేనట్టే. ఏసోబుది తండ్రి నేర్పిన డప్పు. ఊళ్లో ఎవరు పోయినా అతను కొట్టందే పాడె లేవదు. కొట్టనని చెప్పి ఆ ఇంటివాళ్ల మొహం ఎలా చూడాలో అతనికి తెలియడం లేదు. మందిరం రాళ్లలో సగం అతని బండి మీద వచ్చినవే. తను మోసిన రాళ్ల మీదే తనని బయటపెట్టే మాట రాయడానికి నన్ను మోసుకుపోతున్నాడు పాపం.

అక్షరాలన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే లేఔట్ చెడుతుందని చెప్పాను. లేఔట్ అంటే ఏ మాట ఎక్కడ, ఎంత జాగాలో రావాలో ముందే గీసుకునే కొలత. అతనికి అది పనికొచ్చే జవాబు కాదని నాకూ తెలుసు. నా పని రాయడం, తీర్పు చెప్పడం కాదని సరిపెట్టుకున్నాను.

సున్నం కొట్టిన తెల్లటి గోడ. సుద్దదారం పట్టి పదకొండు గీతలు కొట్టాను. ఎర్ర ఎనామెల్ ఆరేదాకా దాని పక్కన నలుపు రాస్తే రెండూ కలిసిపోతాయి. అందుకని ముందు ఎరుపు అంతా అద్దేశాను. కుడివైపు పైనుంచి కిందిదాకా పదకొండు కూడదులు. ఎడమవైపు ఖాళీ. పని నీటుగా వచ్చిందని ముచ్చటపడి, అన్నానికి పోయాను.

అన్నం దావీదు అక్క మార్తమ్మ ఇంట్లో. రాగిసంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరుబిండి. నేను తింటూండగా ఆమె మాపటికని జొన్నలు కొలుస్తూ, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న వేరే కుండలో వేసింది. ఎందుకని అడిగాను. పొయ్యి వెలిగించే ప్రతి ఇంట్లోనూ అలా తీసిపెడతారని, వారానికోసారి అన్నీ పోగుచేసి, ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లకు ఇస్తారని చెప్పింది. మీవాళ్లకేనా అంటే, ఆకలికి మావాళ్లు మీవాళ్లు ఏందప్పా అని నన్నే కసిరింది.

తిరిగొచ్చేసరికి గోడ ముందు ఇరవై మంది ఉన్నారు. మా పనిలో రంగు ఆరేదాకా జనాన్ని రానివ్వకూడదు, ఎండ తగలకుండా గోనెపట్టా అయినా కప్పాలి. నేను కప్పలేదు. ఊళ్లోని గొర్రెలకాపరి నాగప్ప వీళ్ల సంఘంవాడు కాదు గానీ చదవడం వచ్చినవాడు. కర్ర మీద గడ్డం ఆనించి పైనుంచి కిందిదాకా కూడబలుక్కుని చదివాడు.

“ఏం కూడదంటాండారు దావీదన్నా?”

మిగతాది ఇంకా రాయాల్సి ఉందని దావీదు అన్నాడు.

“అయితే నేను దూరంగా నిలబడతాలే. ఏదో ఒకటి కూడనిది చేసే ఉంటా,” అన్నాడు నాగప్ప. అందరూ పగలబడి నవ్వారు, దావీదు తప్ప.

నా వెనకే వచ్చిన మార్తమ్మ కూడా నవ్వలేదు. గోడను చాలాసేపు చూసింది. “తమ్ముడా, ఇది చూస్తే మనం ఏ పనీ చేయనోళ్ల మాదిరి ఉండాము,” అంది.

దావీదు కోపం నా మీదికి తిరిగింది. ఎవడైనా మాట చివరినుంచి రాస్తాడా అని అరిచాడు. నేనూ ఊరుకునే రకం కాదు. తప్పు నాదే అయినా, పని గురించి మాట అంటే నాకు తిక్క లేస్తుంది.

“అన్నా, ఇన్నేండ్లలో ఎన్ని అంగళ్లకు రాసినానో లెక్క లేదు. బెల్లముండాది, ఉప్పుండాది అని రాయించుకుంటారు. మా అంగట్లో అది లేదు, ఇది లేదు అని ఎవరూ రాయించుకోలేదు. మీ దగ్గర ఏముండాదో చెప్పు, అది రాస్తా.”

 దావీదు మందిరం మెట్టు మీద కూర్చుని, చొక్కా పై గుండీ విప్పాడు. తమ నాయన సారాయితోనే పోయాడని, తాగకూడదన్న మాట గోడ మీద లేకపోతే తన మనసు ఒప్పదని నెమ్మదిగా అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ పదకొండు మాటల వెనక ఒక కొడుకు దుఃఖం ఉందని నేను అనుకోనేలేదు.

“నాకూ నాయనే కదరా,” అంది మార్తమ్మ. “నువ్వు తాగలేదు సరే. తాగే పొద్దులో ఏం చేసినావో అది రాయించు.”

తాగే పొద్దులో దావీదు పల్లెలోని మగవాళ్లకూ ఆడవాళ్లకూ అక్షరాలు నేర్పాడు. అతని చేతిలో చదువు అబ్బనిది ఒక్క ఏసోబుకే అని ఎవరో అంటే మళ్లీ నవ్వులు. అలా మొదలైంది. మార్తమ్మ పిడికెడు గింజలు మొదటి వరుస అయ్యాయి, దావీదు అక్షరాలు రెండోది. మూడోది చెప్పింది నాగప్ప. కాన్పు కష్టమైతే తన పెండ్లాన్ని అనంతపురం ఆస్పత్రికి చేర్చింది ఎవరి బండి అని నిలదీశాడు. జవాబు అందరికీ తెలుసు. ఏసోబు మాత్రం ఎద్దు మెడ గోకుతూ తల ఎత్తలేదు. ‘రోగి ఎవరైనా బండి కడతాం’ అని రాసుకున్నాను.

‘చావు ఎవరింట్లో అయినా పిలవకుండా పోతాం’ అన్నది నాలుగోది. అది అనుకోగానే ఏసోబు ఆ గుంపులో మొదటిసారి నోరు విప్పాడు.

“డప్పు తీసుకోని పోవల్లా, ఊరికే పోవల్లా?”

ఇరవై మందీ దావీదు వైపు తిరిగారు. అతను ఆ ఎర్ర గోడను చూశాడు, ఏసోబును చూశాడు, తర్వాత నేల చూశాడు. నేను కుంచె పట్టుకుని నిలబడ్డాను. అప్పటికి నాకు లేఔట్ గుర్తులేదు, డబ్బాలు గుర్తులేవు.

“తీసుకోనే పో,” అన్నాడు దావీదు.

కిరోసిన్ గుడ్డతో ఎరుపు తుడిచి, రెండుసార్లు సున్నం కొట్టినా పదకొండు కూడదులూ పూర్తిగా పోలేదు. ఎరుపు సున్నంలోంచి పైకి తేలుతుంది, అది దాని గుణం. లేత గులాబీ రంగులో కనబడుతూనే ఉన్నాయి. ఇంకో పూత వేస్తానంటే దావీదు వద్దన్నాడు. అడుగున ఉంటే తప్పులేదట. వాటిమీద ఆ నాలుగు వరుసలు నల్లగా రాశాను. అయిపోయాక ఏసోబు వచ్చి, తనది ఏదో చూపించమన్నాడు. అతని వేలు పట్టుకుని మూడో వరుసలో ‘బండి’ అన్న మాట మీద పెట్టాను.

ప్రతిష్ఠ నాడు అతని పేరు చదివారని తర్వాత తెలిసింది.

ఏడేళ్లకు, 1964లో, అక్షరాలు వెలిసిపోయాయని మళ్లీ పిలిచారు. మా ఎండకు ఏ రంగైనా వెలుస్తుంది, కానీ అంతటా ఒకేలా వెలుస్తుంది. ఆ గోడ మీద మూడో వరుసలో ‘బండి’ దగ్గర మాత్రం రంగు అరిగిపోయి గార కనిపిస్తోంది. చెమ్మేమో అనుకుని, అనంతపురంలో చెమ్మ ఏమిటని నాకు నేనే నవ్వుకున్నాను. దావీదు చెప్పాడు. లోపలికి పోయే ప్రతిసారీ ఏసోబు అక్కడ చెయ్యి పెట్టి పోతాడట.

ఆ రోజునుంచి బోర్డుకని ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను, నీ దగ్గర ఏముందని. మనిషికి తన కొరత గోడకెక్కితే తల వంగుతుంది, తను చేసిన పని ఎక్కితే చెయ్యి చాచి తాకుతాడు. ఇది నాకు ఏ గురువూ చెప్పలేదు, ఆ అరిగిన గార చెప్పింది.

ఆ రోజు నేను సుద్దదారం పట్టుకుని మళ్లీ గీతలు కొడుతుంటే ఏసోబు పక్కన వచ్చి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, నవ్వు అదే.

“అన్నా, ఈసారి నా వరస కొంచిం పెద్దక్షరాలతో రాస్తావా?”

రాశాను. లేఔట్ చెడిపోయింది.