చెయ్యి ఆగిన చొక్కా

కార్ఖానా అనే పేటలో, మెయిన్ రోడ్డు వెనక గల్లీలో శారదమ్మది ఇస్త్రీ బండి. ఇరవై ఆరేళ్లుగా ఆ చుట్టుపక్కల వాళ్ల బట్టల ముడతలన్నీ ఆమె చేతి కిందే పోయాయి. చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, మూటలో ఏ చొక్కా ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. అదేం పెద్ద విద్య, ఒక్కొక్కరి చెమట ఒక్కో తీరు అంటుంది.

అసలు విద్య వేరే ఉంది. దాన్ని గురించి చాలాకాలం ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

మొదటిసారి అది దేవసహాయం మాస్టారి తెల్లచొక్కా మీద జరిగింది. నీళ్లు చిలకరించి పెట్టె ఆనించగానే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఎందుకు ఆగిందా అనుకున్న తర్వాత గానీ ముక్కుకు వాసన తగల్లేదు. తడిసిన పాత చెక్క లాంటి జిడ్డు వాసన. ఏడాదిన్నరకు మాస్టారికి చేతులు వణికే జబ్బు మొదలైంది. మరో రెండేళ్లకు ఇంకో ఇంటాయన చొక్కా మీద అలాగే ఆగింది. ఈసారి ఉండబట్టలేక ఆయన భార్యతో చెప్పింది. ఆవిడ శాపనార్థాలు పెట్టి, బట్టలు ఇవ్వడం మానేసింది. ఆయనకూ వణుకు రానే వచ్చింది. తనకు తెలియకముందే చేతికి ఎలా తెలుస్తోందో, తన తలలో తనకు చెప్పకుండా కూర్చుని అన్నీ చూస్తున్నదెవరో శారదమ్మకు అంతుపట్టలేదు. భయం మాత్రం పట్టుకుంది.

పోయిన వేసవిలో ఆ చెయ్యి సదాశివ ఖాకీ చొక్కా మీద ఆగింది. సదాశివ ఆమె పెనిమిటి, సైనిక్‌పురిలో స్కూలు బస్సు డ్రైవరు.

పిచ్చిది, వాసన గుడ్డలో ఉందనుకుంది. మూడుసార్లు ఉతికి ఎండలో ఆరేసింది. ఆయన ఒక్కరోజు తొడిగి విప్పాడో లేదో, చెయ్యి మళ్లీ ఆగింది. ఇక దాచలేక చెప్పేసింది.

"ఏందే, గిట్ల మాట్లాడుతవ్? దవాఖానకు పోదాం పా," అన్నాడు సదాశివ.

డాక్టరు వేళ్లు ఆడించమన్నాడు, నడిపించి చూశాడు, ఏ లోపమూ లేదన్నాడు. శారదమ్మ ప్రాణం కుదుటపడాలి కదా, పడలేదు. సదాశివకు మాత్రం కోపం వచ్చింది.

"ఇగ నా బట్టలు ముట్టకు. నేనే చేసుకుంటా."

పది నెలలు ఆయనే చేసుకున్నాడు. ఇస్త్రీ చేసే పెళ్లాన్ని పెట్టుకుని ఈ ముడతలేమిటని తోటి డ్రైవర్లు నవ్వినా పట్టించుకోలేదు. ఆమె మాత్రం దొంగచాటుగా ఆయన చేతుల్నే కనిపెడుతూ బతికింది. టీ గ్లాసు ఎత్తితే చూసేది, బొత్తాలు పెట్టుకుంటే చూసేది.

నిన్న పొద్దున ఇంట్లోంచి మాడు వాసన వస్తే పరుగెత్తింది. సదాశివ కుడిచెయ్యి ఇస్త్రీపెట్టె మీద ఉంది. పెట్టె కదలడం లేదు. కింద ఖాకీ గుడ్డ పొగలు కక్కుతోంది. ఆయన తన చేతిని పరాయివాడి చేతిని చూసినట్టు చూస్తున్నాడు.

"లెమ్మంటున్న. లేస్తలేదు," అన్నాడు మెల్లగా.

ఆమె ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, పెట్టె తీసి పక్కన పెట్టింది. ఆయన ముందు చెయ్యి చాపింది.

"బస్సు తాళం ఇయ్యి."

సదాశివ ఎడమచేత్తో జేబు మూసుకున్నాడు.

"నలభై మంది పిల్లలు శారదా. రోడ్ల మీద నిలబడి నా కోసం చూస్తుంటరు."

"గందుకే ఇయ్యమంటున్న."