హంతకుడికి సింగిల్ కార్డ్

2023 ఎండాకాలం. అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం పైన మా గది. సినిమా మొదట్లో పడే పేర్లను డిజైన్ చేయడం నా పని. బడి ఎనిమిదో తరగతిలోనే మానేశాను. ఆ రోజు లెక్కల సారు స్వీట్లు పంచారని వదంతి.

అప్పుడు చేతిలో ఉన్నది ఒక థ్రిల్లర్. అందులో హంతకుడు మా నాంపల్లి దశరథన్న. ఎన్నో ఏళ్లుగా వాచ్‌మన్, కానిస్టేబుల్, శవం వేషాలు వేసిన మనిషి. శవంగా ఆయనకు మంచి పేరుంది, తుమ్మొచ్చినా ఆపుకుంటాడు. ఒకరోజు మెట్లెక్కి వచ్చి కూర్చున్నాడు.

“తమ్మి, నా పేరెప్పుడూ గుంపులనే పడ్తది. మా ఆమె ఎతికేలోపు పోతది. గీసారి నాదొక్కటే ఎయ్యరాదు?”

తెర మీద ఒక్కరి పేరే పడితే దాన్ని సింగిల్ కార్డ్ అంటాం. అది పెద్ద నటులకే దక్కుతుంది. సంగతి చెబితే డైరెక్టర్ శ్రావణి గారు తల పట్టుకున్నారు.

“శవం వేషాలేసే ఆయనకి సింగిల్ కార్డ్ ఇస్తే, హంతకుడెవరో మనమే చెప్పేసినట్టు కదండీ.”

“శవానికి ప్రమోషన్ వచ్చిందనుకుంటారు మేడమ్.”

ఆమె నవ్వలేదు. నిజమే, మన ప్రేక్షకులు పేర్ల వరుస చూసే కథ పట్టేస్తారు.

సాయంత్రం ఇద్దరం ఆటోలో నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పక్కన దుకాణాల బోర్డులు చదువుతూ కూర్చున్నాను. నగలాయనకూ ఒక బోర్డే, చెప్పులాయనకూ ఒక బోర్డే.

“మేడమ్, అందరి పేర్లూ ఇట్లనే వేద్దాం. మనిషికో దుకాణం. పేరు కనబడ్డాక షట్టర్ దిగుతది.”

ఆమె ఫోన్ తీసి, ఆటోలోంచే బోర్డులు షూట్ చేయడం మొదలుపెట్టారు.

గొడవ పెట్టింది హీరో మేనేజర్ ఒక్కడే. “మా సారు పేరు చెప్పుల దుకాణం మీదనా?” హీరోను మిఠాయి దుకాణానికి మార్చాను. దశరథన్నకు టైలర్ దుకాణం ఇచ్చాను.

విడుదల రోజు మార్నింగ్ షోలో దశరథన్న భార్య నా పక్క సీటు. టైలర్ దుకాణం రాగానే ఆమె వేలు చాపి, కూడబలుక్కుంటూ చదివింది. “ద... శ... ర... థం.” ఆ తర్వాతే షట్టర్ దిగింది.

“దొరికిండు,” అంది.

క్లైమాక్స్‌లో హంతకుడు బయటపడగానే ముందు వరుసలో ఒకతను “గీ ముసలోడా” అంటూ లేచి నిలబడ్డాడు. ఆమె అతని భుజం తట్టింది.

“ఔ తమ్మి, మా ఆయనే. జర కూసో, నాకు కనబడ్తలేడు.”

తెర మీద పేరు ఎంతసేపు ఉంచాలని కొత్త డైరెక్టర్లు నన్ను అడుగుతుంటారు. ఇంట్లోవాళ్లు కూడబలుక్కుని చదివేంతసేపు అని చెబుతాను.